పసిబిడ్డ పగటి కునుకు: ఉయ్యాలా, ఒడా, పరుపా?

నాలుగు నెలల బిడ్డ పగలు అరగంట పడుకుని కళ్ళు తెరిచేస్తోందంటే హైదరాబాద్ ఇళ్ళలో సలహాలకు కొదవ ఉండదు. చీరతో ఉయ్యాల కట్టమని అమ్మమ్మ. ఒళ్ళో వేసుకుని జోకొడితే గంటన్నర కదలదని నాయనమ్మ. అలా అలవాటు చేస్తే ఇక దించలేరు, మొదటినుంచీ పరుపుమీదే పడుకోబెట్టండని పక్క ఫ్లాట్ ఆవిడ. కరెంటుతో దానంతట అదే ఊగే ఉయ్యాల కొనేయమని ఫోనులో ప్రకటన. ప్రకటన సంగతి పక్కన పెడితే, మిగతా ముగ్గురూ తమ ఇంట్లో పనిచేసినదే చెబుతున్నారు. చిక్కల్లా, వాళ్ళింట్లో పగటిపూట ఉన్న చేతులు మీ ఇంట్లో ఉండకపోవచ్చు.

అందుకే ఈ పోలికను నేను బిడ్డ దగ్గర కాకుండా పెద్దల దగ్గర మొదలుపెడతాను. ఉదయం పదకొండింటికి, మధ్యాహ్నం మూడింటికి బిడ్డను నిద్రపుచ్చేది ఎవరు? వచ్చే రెండు మూడు నెలల్లో ఆ మనిషి మారబోతున్నారా? 2017 నాటి సవరణ తరువాత మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వస్తోంది. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అంటే మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేసే తల్లి తిరిగి ఆఫీసు మెట్లెక్కేసరికి బిడ్డకు నాలుగు నుంచి ఆరు నెలల వయసు. తల్లి ఒక్కతే చేయగల పద్ధతి ఏదైనా సరే, ఆ రోజుతో ముగిసిపోతుంది. ఉయ్యాల ధర కంటే, దాని రంగు కంటే ముందు చూడవలసింది ఇదే.

పొట్టి కునుకు జబ్బు కాదు

పసిపిల్లల నిద్ర ఒక్కో ఆవృత్తి సుమారు నలభై, యాభై నిమిషాలు. పెద్దలది దాదాపు గంటన్నర. ఒక ఆవృత్తి ముగిసి మరొకటి మొదలయ్యే సందులో పెద్దలమూ కదులుతాం, ఒత్తిగిల్లుతాం, గుర్తుండదు. పసిబిడ్డకు ఆ సందు దాటడం ఇంకా రాదు. రాత్రి నిద్ర ముందు కుదురుకుంటుంది, పగటి నిద్ర తరువాత కుదురుకుంటుంది. అయిదారు నెలలు నిండేదాకా అరగంట, ముప్పావుగంట కునుకులు చాలామంది పిల్లలకు మామూలే. ఆ తరువాత చాలామందిలో ఒకటి రెండు కునుకులు వాటంతట అవే సాగుతాయి. నిపుణులు చెప్పే లెక్క ప్రకారం నాలుగు నెలల నుంచి ఏడాది వరకు రోజు మొత్తంమీద, పగలూ రాత్రీ కలిపి, 12 నుంచి 16 గంటలు నిద్ర కావాలి. మొత్తం చూడండి. ఒక్కో కునుకును విడిగా కొలుస్తూ కూర్చుంటే మీకే నిద్ర కరువవుతుంది.

లేచిన తీరు కూడా చెబుతుంది. అరగంటకే లేచి కాళ్ళాడిస్తూ నవ్వుతోందంటే దాని నిద్ర దానికి సరిపోయినట్టే. కళ్ళు నులుముకుంటూ, ఏడుస్తూ, చంకెక్కి మళ్ళీ తల వాల్చేస్తోందంటే ఇంకా నిద్ర మిగిలే ఉంది. ఈ గైడు రెండో రకం వారి కోసం.

మన ఇళ్ళలో మరో కలగాపులగం ఉంది. కాన్పు పుట్టింట్లో అవుతుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డను అత్తవారింటికి తీసుకువస్తారు. వరంగల్‌లో పెంకుటింటి వసారాలోనో, విజయవాడలో అమ్మమ్మ గదిలోనో హాయిగా పడుకున్న బిడ్డ కూకట్‌పల్లి ఫ్లాట్‌కు రాగానే పగటి నిద్ర మానేసిందని బెంగ. నిజానికి మూడు, నాలుగు నెలల మధ్య పిల్లల నిద్ర తీరే మారుతుంది. అదే సమయానికి ఇల్లూ మారింది, గాలీ వెలుతురూ మారాయి, ఎత్తుకునే చేతులూ మారాయి. దిష్టి తగిలిందంటారు. ఉప్పు, ఎండుమిరపకాయలు తీసి పడేయండి, అభ్యంతరం లేదు. ఆ మిరపకాయల ఘాటు మాత్రం బిడ్డ ఉన్న గదిలోకి రానివ్వకండి. రెండు మూడు వారాలు కొత్త ఇంట్లో ఒకే గది, ఒకే వరస పాటించి చూడండి. కొత్త వస్తువులు కొనడం ఆ తరువాతి మాట.

ఉయ్యాల: చీర, స్ప్రింగు, కరెంటు

ఊపితే పిల్లలు నిద్రపోతారు. దీన్ని ఎవరూ కాదనరు. ఇరవై ఒకటో రోజు ఉయ్యాలలో వేసి పేరు పెట్టే మనవాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అయితే ఉయ్యాల అనే ఒక్క మాట కింద మనం కనీసం నాలుగు వేరు వేరు వస్తువులను కలిపేస్తున్నాం.

చీర ఉయ్యాల అన్నింటికంటే చవక. దూలానికో కొక్కేనికో పాత నూలు చీర కట్టేస్తే సరి. బిడ్డ చుట్టూ గుడ్డ బిగువుగా ఉంటుంది, వెలుతురు తగ్గుతుంది, చిన్న కదలికకే ఊగుతుంది. కునుకు సాగడానికి ఇంతకు మించిన ఏర్పాటు లేదనే చెప్పాలి. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. గుడ్డ గుంటలో వీపు వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలవని బిడ్డకు అలా గడ్డం వాలితే ఊపిరి దారి సన్నబడుతుంది. గుడ్డ ముఖంమీదికి వచ్చినా చేత్తో తోసుకోలేదు. అడ్డకర్ర పెట్టి నోరు విప్పి ఉంచినా అడుగు మాత్రం గుంటగానే ఉంటుంది. బిడ్డ బోర్లాపడే ప్రయత్నం మొదలుపెట్టాక చీర ఉయ్యాల ఇంకా ప్రమాదం. ఇంట్లో నడిచే మరో పిల్లవాడు ఉంటే, ఖాళీ ఉయ్యాల గుడ్డ కూడా మెడకు చుట్టుకునే వస్తువే.

స్ప్రింగు ఉయ్యాలలో గుడ్డ అదే, ఊపు వేరు. పక్కకు కాకుండా పైకీ కిందికీ ఆడుతుంది. ఏడుపు ఆగకపోతే పెద్దలు తెలియకుండానే గట్టిగా లాగి వదులుతారు. మెడ నిలవని బిడ్డ తల అలా ఎగిరిపడటం మంచిది కాదు. స్ప్రింగు, గొలుసు, కొక్కెం మూడింటిలో ఏది అరిగినా బిడ్డ నేలమీద పడుతుంది. ఫ్లాట్ల పైకప్పు కొక్కెం ఫ్యాను బరువుకు వేసినదా, ఊగే బరువుకు వేసినదా అన్నది మేస్త్రీని అడగనిదే తెలియదు.

కరెంటు ఉయ్యాల కొనేది చేయి నొప్పి తగ్గుతుందని. నిజంగానే తగ్గుతుంది. అయితే బిడ్డ నిద్రపోయాక కూడా అది ఊగుతూనే ఉంటే, ఆగిన మరుక్షణం కళ్ళు తెరవడం అలవాటవుతుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు దాని విలువ ఏపాటిదో తెలుస్తుంది. ఇంకో ముఖ్య విషయం: సగం కూర్చున్నట్టు వాలుగా ఉండే ఊగుడు కుర్చీలు నిద్రకు కావు. అమెరికాలో 2022లో చట్టం చేసి, పది డిగ్రీలకు మించి వాలు ఉండే పసిపిల్లల నిద్ర సాధనాల అమ్మకాన్నే నిషేధించారు. అక్కడ అమ్మనిది ఇక్కడ ఫోనులో ఇంకా కనిపించవచ్చు. వాలు చూసి కొనండి.

నాలుగోది పాతకాలపు చెక్క ఉయ్యాల. అడుగు చదునుగా, గట్టిగా ఉండి, కమ్మీల మధ్య బిడ్డ తల దూరనంత సన్నని సందు ఉండి, నిద్రపట్టాక కదలకుండా బిగించే గొళ్ళెం ఉంటే ఉయ్యాలలన్నింటిలోకీ నేను ఓటు వేసేది దీనికే. చోటు ఎక్కువ తీసుకుంటుంది, రెండు పడకగదుల ఫ్లాటులో అడ్డంగానే ఉంటుంది. అయినా వాడేది కొద్ది నెలలే. బంధువుల ఇంట అటకమీద ఒకటి ఉండే ఉంటుంది, కొనేముందు అడగండి. మేకులు, గొలుసులు పరీక్షించి, పెచ్చులూడే పాత రంగు ఉంటే గీకించి వాడండి.

చీర ఉయ్యాల తప్ప గతి లేదంటే, ఇంట్లో అది తప్ప ఒప్పుకోరంటే, మధ్యే మార్గం ఒకటి: దాన్ని నిద్రపుచ్చడానికి వాడండి, నిద్రపోవడానికి కాదు. కళ్ళు మూతపడి, చేయి ఎత్తి వదిలితే వాలిపోయేంత నిద్ర పట్టాక చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టండి. ఉయ్యాల నేలకు దగ్గరగా ఉండాలి. అది ఊగుతున్నంతసేపూ ఒక మనిషి అక్కడే ఉండాలి. వంటింట్లోంచి తాడు లాగే ఏర్పాటు వద్దు.

ఒడి, భుజం, కట్టుకునే సంచి

మనిషి ఒంటిమీద పడుకున్న బిడ్డ ఎక్కువసేపు పడుకుంటుంది. కారణం సులభం. నలభయ్యో నిమిషంలో అది కదలగానే చేయి దానంతట అదే వీపుమీద పడుతుంది, ఆ సందు దాటేస్తుంది. అలవాటు చెడుతుందని మొదటి మూడు నెలల్లో ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఆ వయసులో అలవాట్లు రాతిమీద గీతలు కావు.

దించడం దగ్గరే తంటా. దీనిమీద జపాన్‌లోని రైకెన్ సంస్థ పరిశోధకులు 2022లో పనికొచ్చే విషయం ప్రచురించారు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని అయిదు నిమిషాలు ఆగకుండా నడిస్తే ఊరుకుంటుంది, కొందరు నిద్రపోతారు కూడా. అప్పుడు వెంటనే పడుకోబెట్టకుండా, ఎత్తుకునే ఉండి, మరో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోవాలి. ఆ తరువాత దించితే మెలకువ వచ్చే అవకాశం తగ్గుతుంది. బిడ్డను లేపేది పరుపు స్పర్శ కంటే, మన ఒంటి నుంచి విడదీయడమని వాళ్ళు గమనించారు. మా అమ్మమ్మలు ‘కాస్త నిద్ర ముదరనీ’ అనేది ఇదే. ఫోను చూసుకుంటూ ఆ ఎనిమిది నిమిషాలు కూర్చోవడానికి ఓపిక ఉంటే చాలు, సగం గొడవ తీరుతుంది. దించేటప్పుడు ముందు కాళ్ళు, తరువాత పిర్రలు, చివర తల ఆనించి, చేయి ఛాతీమీద కాసేపు ఉంచండి.

ఛాతీకి కట్టుకునే క్యారియర్ వాడితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. కొనేటప్పుడు తొడలకు ఆధారం ఉందో లేదో చూడండి. మోకాళ్ళు పిర్రలకంటే కొంచెం పైకి ఉండాలి. కాళ్ళు వేలాడే రకం వద్దు. కట్టుకున్నాక బిడ్డ ముఖం మీకు కనబడుతూ, తల వంచితే నుదుటిమీద ముద్దు పెట్టగలిగేంత ఎత్తులో ఉండాలి, గడ్డం కింద వేలు పట్టాలి. పొయ్యి దగ్గరికి అలా వెళ్ళకండి. మార్చి నుంచి జూన్ వరకు హైదరాబాద్ ఎండలో ఇద్దరి ఒంటి వేడీ కలిసి బిడ్డకు చెమట పొక్కులు వస్తాయి. అప్పుడు ఇది ఏసీ ఉన్న ఇంటికే పనికొస్తుంది.

ఒక్క విషయంలో బేరం లేదు. బిడ్డను ఛాతీమీద పడుకోబెట్టుకుని సోఫాలోనో, వాలుకుర్చీలోనో మీరు కునుకు తీయకూడదు. పెద్దవారి మంచం కంటే సోఫా ఎన్నో రెట్లు ప్రమాదం, కుషన్ల సందులోకి బిడ్డ జారిపోతుంది. రాత్రంతా నిద్ర లేని తల్లికి మధ్యాహ్నం రెప్ప వాలడం ఎంతసేపు? అలసట ఉన్న రోజు ఒడి పద్ధతి మానేసి మరొకరికి అప్పగించాలి. నాన్నలు, తాతయ్యలు పనికొచ్చేది ఇక్కడే. శని, ఆదివారాల మధ్యాహ్నపు కునుకు పూర్తిగా నాన్న వంతుగా పెట్టుకున్న ఇళ్ళలో, తల్లి ఆఫీసుకు వెళ్ళే రోజు వచ్చినప్పుడు గోల తక్కువ.

పరుపు, బేబీ కాట్

కునుకు పొట్టిగా ఉండేది మొదట్లో ఇక్కడే. దీర్ఘకాలంలో ఎక్కువ లాభం ఉన్నదీ ఇక్కడే. ఎందుకంటే దీన్ని ఎవరైనా చేయగలరు. ఆయా, డే కేర్ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ, ఎవరికైనా బిడ్డను పరుపుమీద పడుకోబెట్టి జోకొట్టడం సాధ్యమే. గంటసేపు ఒళ్ళో మోయడం సాధ్యం కాదు.

పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. బిడ్డ వెల్లకిలా పడుకోవాలి. చుట్టూ ఏమీ ఉండకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో మళ్ళీ చెప్పినదీ అదే. ఇక్కడ మన ఇళ్ళతో పేచీ వస్తుంది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు, అటూ ఇటూ బుల్లి బాలీసులు, కింద బొంత, పైన మరో బొంత, దోమల గొడుగు. నిద్రవేళ వీటిలో దోమతెర ఒక్కటి ఉంచి మిగతావి తీసేయవచ్చు. తెర కూడా బిడ్డ చేతికి అందనంత దూరంలో, బిగుతుగా ఉండాలి. తల చదును కాకుండా ఉండాలంటే, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళముందు బోర్లా పడుకోబెట్టి ఆడించడం మేలైన మార్గం. నేలమీద చాప పరిచి, దానిమీద పలుచని గట్టి పరుపు వేసినా మంచిదే. ఎత్తు లేదు కాబట్టి పడే భయం లేదు, చీమలను మాత్రం చూసుకోవాలి.

కాట్ ఖరీదైనది కావాలనేమీ లేదు. పక్కలు కూలని, పరుపుకూ కమ్మీలకూ మధ్య సందు లేని ఏ కాట్ అయినా చాలు. పక్కలకు కట్టే మెత్తని బంపర్లు సెట్టుతో ఉచితంగా ఇచ్చినా కట్టకండి.

కారు, బండి

ఔటర్ రింగ్ రోడ్డుమీద తిప్పితే బిడ్డ చక్కగా పడుకుంటుంది, నిజమే. పెట్రోలు మీది. ప్రయాణంలో పట్టిన నిద్ర పర్వాలేదు గానీ గమ్యం చేరాక కారు సీటులోనే పడుకోనివ్వకండి. అక్కడా గడ్డం వాలిపోయే సమస్యే. ఆగి ఉన్న కారులో బిడ్డను ఒక్క నిమిషం కూడా వదలకూడదని వేరే చెప్పాలా? తోపుడు బండి మాటకొస్తే, మన కాలిబాటలు చూశాక అపార్టుమెంటు ఆవరణ దాటి దాని గురించి మాట్లాడటం అనవసరం. నీడకోసం బండిమీద దుప్పటి కప్పితే లోపల వేడి పెరుగుతుంది, అది కూడదు.

పాలు తాగుతూ నిద్ర

దీన్ని తప్పుగా చూడటం నాకు నచ్చదు. మొదటి నెలల్లో ఇదే సహజం. కానీ సెలవు ముగిసే నెల ముందు నుంచి రోజుకు ఒక కునుకును దీని నుంచి విడదీయండి. ఉదయం మొదటి కునుకుతో మొదలుపెట్టడం సులువు. లేవగానే పాలు, తరువాత ఆట, తరువాత పాలు లేకుండా జో. అది కుదిరాక రెండోది. సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టి వెళ్ళిపోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

గది సంగతి: వెలుతురు, చప్పుడు, వేడి

మొదటి రెండు నెలలు గది చీకటి చేయనక్కరలేదు. ఆ వయసు బిడ్డకు పగలూ రాత్రీ తేడా తెలియదు, పగటి వెలుగు కంటపడితేనే తెలిసొస్తుంది. మూడో నెల దాటాక లెక్క తిరగబడుతుంది. తిరిగే ఫ్యానూ కిటికీలోంచి పడే ఎండా దానికి వినోదం. అప్పుడు చీకటి పనిచేస్తుంది. దళసరి కర్టెన్లు కొనొచ్చు, ముదురు రంగు దుప్పటి కిటికీకి కట్టినా అదే ఫలం.

చప్పుడు విషయంలో మన నగరం పసిబిడ్డలపట్ల జాలి చూపదు. మైకుతో కూరగాయల బండి, పాత సామాన్ల బండి, పై అంతస్తులో డ్రిల్లింగ్, కుక్కర్ విజిల్, సరిగ్గా కళ్ళు మూసుకున్న వేళకు డెలివరీ కుర్రాడి గంట. ఆషాఢంలో బోనాల డప్పులు, భాద్రపదంలో వినాయకుడి మండపాలు. గంట ఆపేసి తలుపుమీద ఒక కాగితం అంటించడం ఈ మొత్తం వ్యాసంలో అతి చవకైన సలహా. ఇక వైట్ నాయిస్ యంత్రాలు: ఉన్నట్టుండి వచ్చే చప్పుళ్ళను కప్పేస్తాయి, పనికొస్తాయి. కానీ 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అలాంటి 14 యంత్రాలను గరిష్ఠ స్థాయిలో పెట్టి 30 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే అన్నీ 50 డెసిబెళ్ళు దాటాయి, మూడు 85 కూడా దాటాయి. కాబట్టి బిడ్డకు రెండు మీటర్ల అవతల, తక్కువ స్థాయిలో, నిద్రపట్టాక ఆపేసేలా వాడాలి. ఫోనులో హోరు పెట్టి దిండు పక్కన ఉంచడం అన్నింటికంటే చెడ్డ పద్ధతి. సీలింగ్ ఫ్యాన్ చప్పుడే చాలా ఇళ్ళలో సరిపోతుంది, గాలి కూడా ఆడుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటే ఊరు ఇది. పై అంతస్తు ఫ్లాటులో మధ్యాహ్నం కునుకు తెగిపోతోందంటే ముందు అనుమానించవలసింది వేడినే. చేతులు, కాళ్ళు చల్లగా ఉన్నాయని టోపీ, సాక్సులు తొడుగుతారు. అవి ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. మెడ వెనుక తాకి చూడండి. చెమట ఉంటే ఒక పొర తీసేయండి. ఏసీ 25 డిగ్రీల ప్రాంతంలో, గాలి సూటిగా బిడ్డమీద పడకుండా ఉంటే చాలు. ఇంట్లో టోపీ అక్కరలేదు.

చుట్టడం, పీక, స్నానం

పలుచని నూలు గుడ్డలో చేతులు కలిపి చుడితే, ఉలికిపాటుకు లేచే బిడ్డ కునుకు సాగుతుంది. తుంటి దగ్గర వదులుగా, కాళ్ళు కప్పలా ముడుచుకోగలిగేలా చుట్టాలి. బిగించి చుడితే తుంటి కీళ్ళకు చేటు. పక్కకు ఒరగడం మొదలుపెట్టిన రోజే మానేయాలి, కొందరిలో అది మూడో నెలలోనే. బరువులు కుట్టిన చుట్టుడు గుడ్డలు అసలే వద్దు. ఉత్త పీకకు (పాసిఫయర్‌కు), తల్లిపాలు బాగా కుదురుకున్నాక, నేను వ్యతిరేకిని కాను. తాడు కట్టకండి, నిద్రలో జారిపోతే మళ్ళీ పెట్టకండి.

స్నానం మన చేతిలో ఉన్న గొప్ప ఉపాయం. నూనె రాసి, నీళ్ళు పోశాక పట్టే నిద్రే చాలామంది పిల్లలకు రోజులో పొడవైనది. నీళ్ళు పోసే మనిషి తనకు వీలైన వేళకు వస్తే ఆ లాభం వృథా. బిడ్డ లేచి గంట అయ్యాక వచ్చేలా మాట్లాడుకోండి, ఆ కునుకు గట్టిగా పడుతుంది. సాంబ్రాణి పొగ మాత్రం మానేయమంటాను. వాసన బాగుంటుంది గానీ ఆ చిన్న ఊపిరితిత్తులకు పొగ పొగే.

గడియారమా, ఆవలింతా?

ఒక నిద్రకూ మరో నిద్రకూ మధ్య మెలకువ ఎంతసేపు అన్న పట్టికలు విరివిగా దొరుకుతాయి. రెండు నెలల లోపు గంట లోపే, మూడో నెలలో గంట, గంటన్నర, నాలుగైదు నెలల్లో గంటన్నర నుంచి రెండు గంటల పైన, ఆరో నెలలో రెండు మూడు గంటలు. ఇవి అనుభవం మీద వేసిన అంచనాలు, శాసనాలు కావు. చూపు నిలపకపోవడం, కనుబొమ్మలు ఎర్రబడటం, చెవి లాక్కోవడం మొదట కనిపించే సైగలు. ఏడుపు చివరిది. నాలుగు నెలల దాకా సైగలను నమ్మండి, ఆ తరువాత గడియారాన్ని కూడా పక్కన పెట్టుకోండి. పెద్ద పిల్లలు ఆటలో పడి సైగలు దాచేస్తారు.

ఇక అరగంటకు లేచి ఏడిస్తే? రెండు దారులున్నాయి. ఒకటి, ఆ క్షణానికి కాస్త ముందే పక్కన కూర్చుని, కదలగానే చేయి వేసి జోకొట్టి మళ్ళీ నిద్రపుచ్చడం. రెండోది, లేపి ఎత్తుకుని, తరువాతి కునుకుకు మామూలుకంటే కొంచెం త్వరగా పడుకోబెట్టడం. నాలుగు నెలల లోపు రెండోదే మేలు, మొదటిది పెద్దలను అలసిపోయేలా చేస్తుంది. అయిదు నెలలు నిండాక మధ్యాహ్నపు కునుకు ఒక్కదానికి మొదటి పద్ధతి వారం రోజులు ప్రయత్నించండి. పది నిమిషాలు జోకొట్టినా పడుకోకపోతే వదిలేయండి. ఏడవనిచ్చి వదిలేసే పద్ధతులను ఆరు నెలల లోపు పిల్లలమీద, అదీ పగటి నిద్రకు, నేను సూచించను.

ఏ ఇంటికి ఏది

తల్లి ఇంటిదగ్గరే ఉండి, పగలు మరో పెద్ద తోడు ఉన్న ఇంట్లో మొదటి మూడు నెలలు ఒడి, ఆ తరువాత చెక్క ఉయ్యాల లేదా పరుపు. తొందరేమీ లేదు.

ఇద్దరే ఉండి, భర్త ఉదయం వెళ్తే రాత్రికి వచ్చే ఇంట్లో క్యారియర్ ఒకటి కొనండి, ఉయ్యాల కొనకండి. ఉదయం కునుకు పరుపుమీద, సాయంత్రపు చిన్న కునుకు ఒంటిమీద.

నాయనమ్మ చూసుకునే ఇంట్లో ఆవిడ ఏది చేయగలరో ఆవిడనే అడగండి. నేలమీద కూర్చుని లేవలేని మనిషి చేతికి నేల పరుపు ఇచ్చి లాభం లేదు, నడుమెత్తు కాట్ ఇవ్వాలి. చీర ఉయ్యాల మీద పట్టు ఉంటే వాదించే బదులు, నిద్రపట్టాక మార్చే పని వరకు ఒప్పించండి.

సెలవు ముగిసి డే కేర్‌కు పంపబోయే ఇంట్లో, కనీసం నాలుగు వారాల ముందు నుంచి పరుపు, జో, ఒక చిన్న పాట, అంతే. అక్కడ ఊపేవారు ఉండరు.

వీటన్నిటికీ బయట ఒకటుంది. నిద్రకోసం మందు వద్దు. జలుబు మందులోని మత్తును ఆశించి పోసేవారు ఇప్పటికీ ఉన్నారు. ప్రొమెథజీన్ రెండేళ్ళలోపు పిల్లలకు ఊపిరి మందగించే ప్రమాదం వల్ల ఇవ్వకూడదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ళలోపు వాడకూడదని 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ సంస్థే ఆదేశించింది. ఆరు నెలల వరకు వస, గ్రైప్ వాటర్, చక్కెర నీళ్ళు కూడా అక్కరలేదు. దీనికి ఎదురు సమస్య మరింత ముఖ్యం: పాలకు కూడా లేవనంత మత్తుగా బిడ్డ పడుకుంటే సంతోషించవద్దు. మూడు నెలలలోపు 38 డిగ్రీల జ్వరం, రెండు నెలలలోపు నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి, పాలు మానేయడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగకుండా నీలోఫర్‌కో, దగ్గరలోని పిల్లల ఆసుపత్రికో వెళ్ళాలి.

డే కేర్ చూడటానికి వెళ్తే ఫోను చేసి చెప్పకుండా మధ్యాహ్నం ఒంటిగంటకు, రెండు గంటలకు మధ్య వెళ్ళండి. పిల్లలు ఎక్కడ పడుకున్నారో మీరే చూస్తారు. వెల్లకిలా ఉన్నారా, ఊగుడు కుర్చీల్లో ఉన్నారా, ఒక్కో మనిషి ఎంతమందిని చూస్తోంది, గదిలో ఎవరైనా మెలకువగా ఉన్నారా. మీ బిడ్డ నిద్ర వరసను ఒక కాగితంమీద తెలుగులో నాలుగు వాక్యాలు రాసి, రోజూ చూసుకునే ఆయమ్మ చేతికే ఇవ్వండి. కార్యాలయం బల్లమీద ఇస్తే ఫైలులోకి పోతుంది.